తగువునాటి పుట్టగొడుగుల కూర

ఆ ఆదివారం పొద్దున్న జగదాంబ కోసుకొచ్చిన పుట్టగొడుగుల కాడలు, వేళ్ళు నొక్కిన చోటల్లా నీలంగా మారాయి. ముందురోజు అదే బుట్టలో కొబ్బరి చెట్లకు పూసే మైలుతుత్తం మోసింది కాబట్టి ఆ రంగే అంటుకుందనుకుంది. రెండు నీళ్ళలో కడిగింది. పోలేదు. పోకపోతే పోనీ అని ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది.

ఆ పూట ఆమె ధ్యాసంతా దారి మీద ఉంది. కంచిలి దగ్గర వాళ్ళ ఊళ్ళో ఆమెకున్న ఎకరం జీడితోటకు మరిది నీలకంఠం తోటలోంచే వెళ్ళాలి. రెండేళ్ళ కిందట అతను గుంజలు పాతి, కంప కొట్టి ఆ బాట మూసేశాడు. అప్పట్నుంచి జీడిపిక్కల బస్తాలు నెత్తిన పెట్టుకుని గెడ్డవాగు గట్టు చుట్టి రోడ్డెక్కుతోంది. భర్త ఢిల్లీబాబు చెన్నైలో వెల్డింగు పనిలో ఉన్నాడు. ఫోన్లో తమ్ముణ్ణి తిట్టడం వరకే అతని వంతు. ఈసారీ దారి రాకపోతే తోటను నీలకంఠానికే, అతను చెప్పిన ధరకే కౌలుకివ్వాలి. అతను కంప కొట్టింది అందుకేనని ఊరందరికీ తెలుసు.

భూమి తగువులకు ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. తగువు పెట్టినవాళ్ళ ఇంటి కూడు అవతలివాళ్ళు ముందు తినాలి, ఆ తరువాతే నోరు విప్పాలి. ఒకరి అన్నం కడుపులో ఉండగా వాళ్ళనే బండబూతులు తిట్టడం కష్టమని పాతవాళ్ళు ఆలోచించి పెట్టింది. అందుకే తోటలోని పాకలో జగదాంబ వంట. పెద్దమనిషిగా తారకేశ్వరరావు వచ్చాడు. పెద్ద ఆసామి, ఒకప్పటి సర్పంచి. ఆయన పళ్ళు ఊరికి కనిపించేది ఎన్నికలప్పుడే.

ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళు పుట్టగొడుగును బట్టి కాదు, చోటును బట్టి కోస్తారు. ఎవరి చోటు వాళ్ళది, కోడలికి తప్ప చెప్పరు. జగదాంబకు అత్త చూపించింది తోట మూలనున్న చెదపుట్ట. ఏటా తొలకరికి అక్కడే కోసేది. అయితే ఆ వేసవిలో పుట్టను తవ్వించి, ఆ గోతిలో పశువులశాలలోని పేడగత్తం పోయించింది కూడా తనే. వానకు పేడ మీద గడ్డి మొలిచేసరికి చోటు పాతదానిలాగే కనిపించింది. మొలిచింది మాత్రం వేరే జాతి. పుట్ట మీది గొడుగు, చెదలు నేల లోపల పెంచుకునే బూజులోంచి వస్తుంది. ఇది పశువుల పేడ తిని బతుకుతుంది. తేనెరంగు టోపీ, కాడకో సన్నని ఉంగరం, నలిపితే నీలం. ఇందులోని సిలోసైబిన్ అనే పదార్థం మెదడుకెక్కిందంటే అయిదారు గంటలు మనిషి తన చేతిలో ఉండడు. రంగులు ఉబ్బుతాయి, కాలం సాగుతుంది. కొందరు నవ్వుతారు, కొందరు హడలి చస్తారు.

తారకేశ్వరరావుతో పాటు తినడానికి కూర్చున్న నీలకంఠం కూర రెండోసారి వేయించుకున్నాడు. చేతులు కడుక్కుని, తాతలనాటి పంపకం దగ్గర మొదలుపెట్టి సర్వే రాయి దాకా వచ్చాడు. అక్కడ కిసుక్కుమన్నాడు. సర్వే రాయిలో నవ్వడానికేముందని తారకేశ్వరరావు కసిరి, చేతి గడియారం చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"ముల్లు నడవట్లేదురా, నడుం వాల్చింది" అన్నాడు. ఆ తరువాత ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

జగదాంబ ఉప్పు చూడ్డానికి గరిటెడే తింది. అయినా పాక మీద కప్పిన నీలం టార్పాలిన్ ఎంత నీలంగా ఉందంటే, లేచి దాన్నోసారి నిమరాలనిపించింది. రెండేళ్ళుగా మొహం చూడని మరిది నవ్వుతుంటే తనకూ నవ్వు ఆగలేదు. ఈలోగా అతను కంప దగ్గరికి పోయి గుంజలు ఒక్కొక్కటే పీకి, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు నేల మీద వరసగా పెట్టసాగాడు.

"తొంగో బాబూ, రెండేళ్ళు నిలబడ్డావు" అన్నాడు ఒక గుంజతో.

తెరిచిన సందులోంచి ఒక మేక వచ్చింది. నీలకంఠం దాని ముందు మోకాళ్ళ మీద కూలబడి చేతులు జోడించాడు. "తప్పయిపోనాది తల్లీ, నీ దారి మూసీసినాను" అని ఏడుస్తూ నవ్వాడు. తారకేశ్వరరావు లేచి నిలబడి, ఎనిమిదడుగుల బాట ఇవ్వాలని, దానికి మేకే సాక్షి అని తీర్పు చెప్పాడు. జీడాకులు ఊపిరి పీలుస్తున్నాయని కూడా చెప్పాడు.

కావలసింది వచ్చేసింది, జగదాంబ నోరు మూసుకుంటే చాలు. కాని తిరిగి చూసిన నీలకంఠం కళ్ళలో నల్లగుడ్లే నిండి ఉన్నాయి. అప్పుడామెకు గత్తం గుర్తొచ్చింది. కుక్కగొడుగులు తిని పోయినవాళ్ళ సంగతులు ఆమె విన్నదే. ఇప్పుడు నర్సును పిలిస్తే తీర్పు చెప్పింది తన కూరేనని ఊరికి తెలుస్తుంది, దారి పోతుంది. పిలవకపోతే మనుషులు పోవచ్చు. ఏఎన్ఎం సుధారాణికి ఫోన్ చేసింది.

సుధారాణి ఆటోలో నేరుగా పాక దాకా వచ్చింది. కంప లేని సందులోంచి రెండేళ్ళలో వచ్చిన మొదటి బండి అదే. ముగ్గుర్నీ, మిగిలిన కూరనీ ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది. దారి పొడవునా తారకేశ్వరరావు కొబ్బరిచెట్లకు ప్రతినమస్కారాలు చేస్తూనే ఉన్నాడు. లివరును తినేసే రకం కాకపోవడం మీ అదృష్టమని, చూపుకు రెండూ ఒకేలా ఉండొచ్చని డాక్టరు గట్టిగా చివాట్లు పెట్టాడు. దీపాలవేళకు నవ్వులు పలచబడ్డాయి. నీలకంఠం గోడవైపు తిరిగి పడుకుని టీ అడిగాడు.

మేక సంగతి రాత్రికే ఊరంతా పాకింది. మర్నాడు పొద్దున్నే తారకేశ్వరరావు ఇంటి పంచలో ఊరు పోగైంది. జగదాంబే ముందుగా మాట్లాడింది.

"నిన్నటి మాట లెక్క కాదు బాబూ. నా కూర సేయించిన పనది. కంప మళ్ళీ కట్టుకోమనండి, తరవాత తగువు సూద్దుము."

నీలకంఠం అదే చెప్పాలని వచ్చాడు. నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే వెనకనుంచి ఎవరో మేకలా అరిచారు. పంచంతా నవ్వింది. కూరదే తప్పని ఒప్పుకుంటే ఆ మేక తనను కాటిదాకా వదలదని అతనికి అర్థమైంది.

"ఏటొదినా, నాకేదో ఎక్కినాదని సెప్తన్నావు? నాకేటీ ఎక్కనేదు. నీ కూర ముట్టనేదు, నాను సారు పోసుకుని తిన్నాను. దారి ఇద్దారని ఇంటికాడే అనుకుని ఒచ్చినాను."

"మరి మేకో, బావా?" అన్నారెవరో.

"మేక మా ఇంటిదే. దాంతో నాను రోజూ మాటాడతాను."

తారకేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. గడియారం గురించి ఆయన్ను ఇంకా ఎవరూ అడగలేదు. అడిగేలోగా, తన తీర్పు తీర్పేనని, నిన్న తన బుర్ర శుభ్రంగా ఉందని ప్రకటించాడు. ఎనిమిదడుగులంటే రైలు కూడా పోతుందని నీలకంఠం బేరం పెట్టాడు. ఆటోకు అయిదు చాలన్నాడు. జగదాంబ ఎనిమిది దగ్గరే కూర్చుంది. ఎండెక్కేలోగా అందరూ టేపు పట్టుకుని తోటకు నడిచారు, గుంజలు కొత్త గీత మీదికి మారాయి.

దారి ఏడడుగులు.