శ్రావణం దాక ఆగమన్నడు

మా ఇంటి దర్వాజ మీద బ్యాంకువాళ్లు వేలం నోటీసు అంటించిన రోజు నుంచి నాకు కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. బీడీలు చుట్టడానికి కూర్చున్నా చూపంతా వీధి మీదే. దారం వదులైందని కార్ఖానాలో సగం బీడీలు తీసి పక్కన పడేశారు. బాన్సువాడలో ఆటో నడిపే మా ఆయన కాలు విరిగి మంచం పట్టాక ఇంటి లోను కిస్తులు ఆగిపోయాయి. అప్పటికింకా వెనక గదికి రంగు కూడా వేయలేదు.

ఆయన మాత్రం ఫోన్ పట్టుకుని నిమ్మళంగా ఉన్నాడు. మాలాంటి వాళ్ల ఇళ్లు వేలం వేసే ముందు బ్యాంకులు ఏడాది గడువు ఇవ్వాలని ఏదో బిల్లు పెడతారట. పొద్దున లేస్తే అదే వార్త.

"ఫికర్ జేయకు. బిల్లు వస్తదట."

"ఆలు లేదు, చూలు లేదు, గప్పుడే కొడుక్కు పేరు వెట్టినట్టున్నది నీ కథ" అని కసిరేదాన్ని.

పిట్లం నుంచి మా అన్న ఒక ఎరువుల దుకాణం ఆయనను తీసుకొచ్చాడు. వేలానికి పోకముందే మేమే అమ్ముకుంటే, బ్యాంకుది తీర్చాక కిరాయి ఇంట్లో నిలదొక్కుకునేంతైనా మిగులుతుందని మా అన్న ఆలోచన. దుకాణం ఆయన గదులన్నీ తిరిగాడు, దర్వాజ తట్టి చూశాడు, ధర ఒప్పుకున్నాడు. బయానా కింద కొంత పైకం ఇమ్మంటే మాత్రం చేతులు జోడించాడు.

"ఆషాఢం జొచ్చింది చెల్లె. శూన్యమాసంల ఇంటికి బయానా ఇయ్యరాదు. శ్రావణం దాక ఆగుదాం. నా మాట మాటే."

కాదనడానికి నాకు నోరు రాలేదు. మేమూ ఆ నెలలో శుభకార్యం తలపెట్టం. మా ఆయనకైతే సంబరం, ఈలోగా బిల్లు వస్తే అమ్మే పనే ఉండదని. నేను మాత్రం బ్యాంకుకు పోయి శ్రావణం దాకా ఆగమని బతిమాలాను. అక్కడి సారు ఆ మాటకు నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆషాఢం వెళ్లకముందే వేలం అయిపోయింది. బిల్లు అప్పటికింకా పార్లమెంటు ముందుకే రాలేదు. ఇల్లు పాడుకున్నది ఆ ఎరువుల దుకాణం ఆయనే, మాతో ఒప్పుకున్న దానికంటే బాగా తక్కువకు. బ్యాంకు తన బాకీ పట్టుకోగా మాకు మిగిలింది గుండుసున్న.

శ్రావణంలో ఆయనా, ఆయన భార్యా మా కిరాయి ఇంటికి వచ్చి, నాకు బొట్టు పెట్టి మరీ గృహప్రవేశానికి పిలిచారు. నేను ఆపుకోలేకపోయాను.

"ఏందన్నా, ఆషాఢంల ఇల్లు కొనరాదంటివి?"

ఆయన తడబడనైనా లేదు. "గదంత బయానా మాట చెల్లె. వేలంపాటకు ఆషాఢం ఏంది?"

వాళ్లు వెళ్లాక ఆ బొట్టు తుడిచేసుకోవాలనిపించింది. ముత్తైదువను, చేయి లేవలేదు. అంతలో లోపలి నుంచి మా ఆయన కేకేశాడు.

"ఇన్నవా? ఇగో, బిల్లు వెట్టిండ్రట!"

"ఏ ఇంటికి?" అన్నాను.