మూడు రోజులు ఉచితం

మా చెల్లెలి కూతురు అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకుంటోందని వాళ్ళ నాన్నకి, అంటే మా మరిదికి, ఫోనులో చెప్పింది నేనే. ఒకసారి కాదు, వారం వారం చెప్పాను. "వదినగారూ, మీ మాట మీదే ధైర్యంగా ఉన్నాను" అనేవాడాయన. ఎవరైనా నా మాట మీద ధైర్యంగా ఉన్నారంటే నాకు బాగానే ఉంటుంది. ఇరవై నాలుగేళ్ళుగా పంజాగుట్టలో ఒక డిగ్రీ కాలేజీలో ఆర్థికశాస్త్రం చెబుతున్నాను. అక్కడ నా మాట మీద ఎవరూ ఉండరు, ఫోన్ల మీద ఉంటారు.

పిల్ల తెనాలిలో సివిల్ ఇంజనీరింగ్ చదివింది. చదివినన్నాళ్ళూ ఒక్క గోడ కట్టడం కూడా దగ్గరగా చూడలేదని తనే చెప్పింది. ఎండాకాలం చివర్లో నా దగ్గరికి పంపిస్తూ వాళ్ళ నాన్న ఒక షరతు పెట్టాడు. మూడు నెలల్లో కోర్సు ఒక కొలిక్కి రావాలి, లేకపోతే ఇంటికొచ్చేసి ఆయన స్నేహితుడి సిమెంటు ఏజెన్సీలో కూర్చోవాలి. సిమెంటు ఏజెన్సీ అంటే పిల్లకి భయం. అక్కడ కూర్చున్నవాళ్ళు మళ్ళీ లేవరని దాని నమ్మకం.

నేను యూసుఫ్‌గూడలో రెండు గదుల ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను. నాకు పెళ్ళి అయింది, అది ముగిసింది కూడా. ఆ సంగతి ఇక్కడ అనవసరం. పిల్ల రోజూ ఏడింటికి సంచీ భుజాన వేసుకుని, ఎర్ర నీళ్ళ సీసా పట్టుకుని బయల్దేరేది. ఒంటిగంటకి వచ్చి అన్నం తిని ఫోను చూసేది. నేను సాయంత్రం వచ్చి ఫోను చూస్తున్నందుకు తిట్టేదాన్ని. ఇల్లు సవ్యంగా నడుస్తోందనే అనుకున్నాను.

ఒకరోజు కాలేజీలో పరీక్ష డ్యూటీ పదింటికే అయిపోయింది. కోర్సు ఎప్పుడు పూర్తవుతుందో కనుక్కుందామని అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లన్నీ ఉండే మైత్రీవనం వైపు వెళ్ళాను. అక్కడి బోర్డులు నాకు కొత్త కాదు. ఒకప్పుడు ఏ మెట్టెక్కినా కంప్యూటర్ భాషల పేర్లు ఉండేవి, ఆ తరవాత అన్నీ డేటా అయ్యాయి, ఇప్పుడు ప్రతి దానికీ ముందు ఏఐ అని అతికించారు. బోర్డులు మారినంత త్వరగా లోపలి సార్లు మారినట్టు లేదు. పిల్ల చెప్పిన మూడో అంతస్తుకి వెళ్ళి కౌంటర్లో అమ్మాయికి దాని పేరు చెప్పాను. కంప్యూటర్లో వెతికి లేదంది. ఎలా ఉంటుందో చెప్పాను.

"కండ్లద్దాలు, ఎర్ర బాటిలా? గట్లయితె డెమో మేడం గదా" అంది.

"డెమో మేడమేమిటమ్మా?"

"ఏం లేదక్కా. గీడ ఏ కోర్సన్న మొదటి మూడు దినాలు ఫ్రీ. నచ్చితె నాలుగో దినం చేరాలె. ఆమె మూడు దినాలు వింటది, పోతది. ఇంకోటి మొదలయ్యేదాంక మెట్ల మీద కూసుంటది, మళ్ళ వస్తది. మా దగ్గరనె నాలుగు విన్నది. కింది ఫ్లోరోళ్ళకు సుత ఎరుకనె."

"మీరేమీ అనరా?"

"ఏమంటం? మంచిగ కూసుంటది, మంచిగ రాసుకుంటది. ఏ సారు మస్తు చెప్తడో, ఏ సారు ఊకె టైం పాస్ చేస్తడో మాకన్న ఆమెకే ఎరుక. హాస్టల్ పిల్లలు చేరేముందు ఆమెనే అడుగుతరు." ఆపైన గొంతు తగ్గించి, "మీరేమైతరో గని, జర చెప్పండక్కా. ఏదో ఒకటి చేరమనండి" అంది.

మెట్లు దిగుతుంటే పిల్ల ఎదురొచ్చింది. నన్ను చూసి గోడకి ఆనుకుని నిలబడిపోయింది. మనిషిని తిట్టడానికి కాస్త చోటు కావాలి. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ భుజాలు రాసుకునే ఆ మెట్ల మీద అది లేదు.

ఇంటికొచ్చాక పుస్తకాలు తీయమన్నాను. ఏడు నోటు పుస్తకాలు బల్ల మీద పెట్టింది. దేనికదే ముత్యాల్లాంటి అక్షరాలతో మొదలైంది. టెస్టింగ్ అనగానేమి, డేటా అనగానేమి, క్లౌడ్ అనగానేమి. పదో పేజీ దాటిన పుస్తకం ఒక్కటీ లేదు.

"ఏమే, ఇవి ఏడు కోర్సులా, ఏడు ట్రైలర్లా?" అన్నాను.

"ట్రైలర్లే పెద్దమ్మా. బాగుందో లేదో తెలీకుండా టికెట్ కొనుక్కోమంటావా?"

"ట్రైలర్ చూసి సినిమా చూసేశానని మీ నాన్నకి చెప్పమన్నానా?"

"నేను చెప్పలేదు. చెప్పింది నువ్వు."

నిజమే. తను రోజూ "క్లాసుకెళ్తున్నా" అనేది, అంతే. చేరానని ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు. సంచీ, సీసా చూసి మిగతాది నేను పూరించుకున్నాను.

ఆ సాయంత్రం చాలాసేపు వాదించుకున్నాం. సినిమాలూ రీళ్ళూ చూసి చెడిపోయావని మొదలుపెట్టాను. ఈ వాదన నేను క్లాసులో కూడా చేస్తాను, అక్కడ ఎవరూ ఎదురు చెప్పరు గనక నెగ్గుతాను. పిల్ల ఎదురు చెప్పింది.

"సినిమా చూసి ఎవరు చెడిపోతారు పెద్దమ్మా? నమ్మితే కదా చెడిపోవడానికి. హీరోకి ఏమీ రాదు. పనికిరానివాడివని నాన్న తిడతాడు. అప్పుడొక పాట వస్తుంది. పల్లవిలో పుస్తకం ముందు నిద్రపోతుంటాడు, చరణంలో పరిగెడుతుంటాడు, పాట అయ్యేసరికి కంపెనీ వాడిదే. మధ్యలో ఎన్నేళ్ళయ్యాయో ఎవడూ చెప్పడు. నేను ఆ పాటలో ఉన్నాను. అది అవడం లేదు."

"పాట మొదలైతే కదే అవడానికి. నువ్వింకా టైటిల్స్ దగ్గరే ఉన్నావు."

తను నవ్వలేదు. ఫోను తీసి ఒక వీడియో చూపించింది. ఎవరో అమ్మాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో తన రోజు ఎలా గడుస్తుందో చూపిస్తోంది. లేవడం, కాఫీ, మెళ్ళో ఐడీ కార్డు, అద్దాల బిల్డింగు, మళ్ళీ కాఫీ. "చూడు, పని చేసేది రెండే రెండు సెకన్లు. అది కూడా వెనక నుంచి తీశారు. వేళ్ళు కదుల్తాయి, ఏం చేస్తోందో తెలీదు. కొరియన్ సీరియళ్ళు కాస్త నయం, ఆఫీసులో తిట్లు తినడం చూపిస్తారు. కానీ తిట్టేవాడు అందంగా ఉంటాడు. దారి దొరికినవాళ్ళనే అందరూ చూపిస్తారు పెద్దమ్మా. వెతుక్కునేవాళ్ళ మీద ఎవరు తీస్తారు, ఎవరు చూస్తారు?"

నా పద్దెనిమిదో ఏట వారపత్రికల్లో సీరియళ్ళు వచ్చేవి. వాటిలో కథానాయిక భుజానికి హ్యాండ్‌బ్యాగు తగిలించుకుని, సిటీ బస్సెక్కి ఉద్యోగానికి వెళ్ళేది. నేను హైదరాబాదు వచ్చిందాంట్లో సగం చదువు కోసం, సగం ఆ హ్యాండ్‌బ్యాగు కోసం. బ్యాగు దొరికింది, ఉద్యోగమూ దొరికింది. ఒకే ప్రశ్నకి రెండొందల మంది రాసిన ఒకే తప్పు జవాబుని ఎర్ర పెన్నుతో దిద్దుకుంటూ కూర్చోవడం గురించి మాత్రం ఏ సీరియల్లోనూ లేదు. నేను ఆ సీరియళ్ళని నమ్మాను. పిల్ల తను చూసేవాటిని నమ్మడం లేదు, వాటిలో తప్పులు వెతుకుతోంది. ఇద్దరిలో ఎవరికి తెలివి ఎక్కువో తేల్చుకోవడం ఇష్టంలేక వంటింట్లోకి వెళ్ళాను.

నా వెనకే వచ్చి గడప దగ్గర నిలబడింది.

"అక్కడ మొదటి రోజు 'జీరో నుంచి మొదలుపెడదాం' అంటారు సార్లు. ఆ రోజు అందరూ సున్నాలే. రెండో రోజూ అంతే. నాలుగో రోజు నుంచి పక్కవాళ్ళకి వచ్చేస్తుంది. నేనొక్కదాన్నే సున్నా. అది చూడలేను పెద్దమ్మా. అందుకే లేచి వచ్చేస్తాను."

"ఎప్పుడైనా నాలుగో రోజు కూర్చుని చూశావా?"

"లేదు."

"మరి ఎలా తెలుసు?"

"తెలుసు" అంది, అన్నం ఉడికిందో లేదో చెప్పినంత మామూలుగా.

మూడు నెలల గడువు అయిపోవచ్చింది, వచ్చే ఆదివారం వాళ్ళ నాన్న రావాలి. నేనొక ఉపాయం ఆలోచించాను. సోమవారం టెస్టింగ్ కోర్సు కొత్త బ్యాచ్ మొదలవుతోంది. అందులో దీన్ని కూర్చోబెట్టి, గురువారానికి చేర్పించేస్తే, ఎప్పుడు చేరిందీ ఆయన అడగడు. నా మాట నిలబడుతుంది. ఉపాయంలో పిల్ల సంగతి ఎంత, నా మాట సంగతి ఎంత అని అప్పుడు లెక్క చూసుకోలేదు.

మధ్యలో లేచి రాకుండా చూడడానికి సోమవారం నేనూ వెళ్ళి చివరి బెంచీలో దాని పక్కన కూర్చున్నాను. గది నిండా పిల్లలు, ఒక్క ఫ్యాను. సారు ముప్పై దాటని మనిషి, హుషారుగా వచ్చాడు. "మీ లైఫ్‌ల గిది ఇంటర్వెల్. ఇప్పటిదాంక మిమ్మల్ని అందరు కొట్టిన్రు. సెకండాఫ్ మీది" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నా నోరు ఊరుకోదు.

"సార్, మీ దగ్గర చేరినవాళ్ళలో మధ్యలో మానేసేదెవరు? ఎందుకు మానేస్తారు?" అని లేచి అడిగాను. "ఈ పిల్ల నాలుగో రోజంటే భయపడుతోంది. ఇంటర్వెల్ సంగతి సరే, దానికి ఆ రోజు ఏం జరుగుతుందో చెప్పండి."

గది గదంతా వెనక్కి తిరిగి పిల్లని చూసింది. సారు మాత్రం తడుముకోలేదు. "నాలుగో దినం ఏం సమజ్ కాదు మేడం. ఎవ్వరికి కాదు. గది ఎవ్వరు ఒప్పుకోరు, తలకాయలు ఊపుతరు. నాకు సుత కాలే. రెండు సార్లు ఇడిసిపెట్టి పోయిన నేను" అన్నాడు. ఆపైన బోర్డు వైపు తిరిగి పాఠం మొదలుపెట్టాడు.

మంచి జవాబే రాబట్టానని నేను అనుకుంటున్నాను. పిల్ల బయటికొచ్చాక మెట్రో స్తంభం పక్కన ఆగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అందరి ముందూ నా భయం చెప్పావు. నీ సంగతి నేను ఎవరికైనా చెప్పానా?"

"నా సంగతేమిటే?"

"పీహెచ్‌డీ ఫారాలు. బీరువాలో చీరల కింద మూడున్నాయి. మూడింట్లోనూ నీ పేరూ, అడ్రసూ మాత్రమే నింపావు."

ఇరవై నాలుగేళ్ళలో నన్ను మాటతో కూర్చోబెట్టినవాళ్ళు తక్కువ. ఫారంలో పేరు తరవాత పరిశోధన అంశం రాయమని ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి ప్రతిసారీ కాలేజీలో పని ఎక్కువైంది. కనీసం నేను అలాగే చెప్పుకున్నాను. పిల్లని అన్న ప్రతి మాటా నా మీదకే తిరిగి వచ్చి ఆగినట్టయింది. ఆటోలో ఇద్దరం చెరో పక్కకి చూస్తూ ఇంటికొచ్చాం.

మంగళ, బుధవారాలు తను ఒక్కతే వెళ్ళింది. నేను వెంట వెళ్ళలేదు, ఏం చెప్పారని అడగలేదు. నాకు అడక్కుండా ఉండడం ఎంత కష్టమో నన్నెరిగినవాళ్ళకి తెలుసు. గురువారం పొద్దున్న నేను కాలేజీకి బయల్దేరేటప్పటికి తను ఇంకా మంచం మీదే కూర్చుని ఉంది. సంచీ ఒళ్ళో పెట్టుకుంది, చెప్పులు వేసుకోలేదు. వెళ్ళమని అనబోయి తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను. ఆ రోజు నేను ఏం పాఠం చెప్పానో నాకే గుర్తు లేదు.

సాయంత్రం వచ్చేసరికి బల్ల ముందు కూర్చుని ఉంది. నేను చెప్పులు విప్పుతుండగానే మొదలుపెట్టింది.

"వెళ్ళాను. చేరాను. సారు చెప్పింది నిజమే, ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్కమ్మాయి తల ఊపుతోంది. నీకర్థమైందా అని అడిగితే, లేదు, నువ్వు ఊపుతున్నావని ఊపుతున్నాను అంది."

"నువ్వు ఊపావా?"

"ముందు నేనే ఊపానట."

అప్పుడే వాళ్ళ నాన్న ఫోను. నేను మాట్లాడతానని చెయ్యి చాచాను. మామూలు మాటే చెప్పి పెట్టేద్దామనుకున్నాను. పిల్ల ఇవ్వలేదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"నాన్నా, నేను ఇన్నాళ్ళూ ఏ కోర్సులోనూ చేరలేదు. ఫ్రీ క్లాసులు విని వచ్చేసేదాన్ని. ఇవాళే చేరాను... లేదు, పెద్దమ్మకి తెలీదు... ఏమీ అర్థం కాలేదు నాన్నా. రేపు కూడా వెళ్తాను... అప్పుడూ కాకపోతే ఎల్లుండి సార్‌ని అడుగుతాను."

తరవాత ఫోను నా చేతిలో పెట్టింది.

"వదినగారూ, నిజమేనా?" అన్నాడాయన. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"నిజమేనండీ. మూడు నెలలు నేను చెప్పింది అబద్ధం. తెలియక చెప్పాను, కానీ ఒక్కసారి కూడా దాన్ని అడక్కుండా చెప్పాను. ఇకనుంచి దాని సంగతి నన్నడక్కండి, దాన్నే అడగండి."

"ఆదివారం రానులెండి. ఏజెన్సీ వాళ్ళకి ఏదో ఒకటి చెబుతాను. ఇంకో నెల చూస్తాను. మీ మాట మీద కాదు" అన్నాడు.

ఆ చివరి మాట నాకు గట్టిగానే తగిలింది. తగలాల్సిందే. నేను ఫోను పెట్టేసేసరికి పిల్ల ల్యాప్‌టాప్ తెరిచి, క్లాసులో కొట్టిన ప్రోగ్రాంకి తెరనిండా ఎర్రగా వచ్చిన తప్పుల వైపు చూస్తోంది. దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"ఎందుకిలా వచ్చిందో తెలుసా పెద్దమ్మా?"

"తెలీదు."

"నాకూ తెలీదు" అని, అంతా చెరిపేసి మొదటి వరస నుంచి మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది.