చలికొండ మీద అత్త డ్రాగన్ మొక్క

మా మేనత్త పోయింది. ఆ రోజు పొద్దున కాఫీ తీసుకెళ్లి లేపితే లేవలేదు. తల్లి లేని నన్ను పెంచింది ఆమే. ఏడుపు ఇంకా ఆగలేదు, మాటలు అటూ ఇటూ అయితే మన్నించండి.

పులివెందుల దగ్గర ఆమెకు చీనీతోట, అదే బత్తాయితోట, ఉండేది. బోర్లు ఎండి తోట పోయాక తీగ ఎక్కడానికి రాతికూసాలు నాటించి డ్రాగన్ ఫ్రూట్ పెట్టింది. తొలిపూత రాకముందే గుండెజబ్బు వచ్చి పడింది. బ్యాంకు ఉద్యోగం మీద నేను చింతపల్లి మన్యం చలికొండల్లో ఉంటున్నాను. చూసుకునే దిక్కు నేనే కాబట్టి తీసుకొచ్చాను. చీరలకంటే ముందు ఒక డ్రాగన్ కొమ్మ సంచిలో పెట్టుకుంది.

"ఈ చలికి మనమే ముడుచుకొని పోతాండాం, ఇది యాడ బతుకుతాది అత్తా?" అన్నాను.

"బతుకుతాదిలే. ఒక్క పువ్వు చూసి పోతా."

పెయింటు బకెట్‌కు అడుగున చిల్లులు పెట్టి నాటింది. కర్ర పాతి కట్టింది. ఎండ ఎటుంటే అటు జరిపేది. చలికాలంలో ఇంట్లోకి తెచ్చి తన దుప్పటి దానికి కప్పి, తాను వణికేది. తిట్టినా వినేది కాదు. శానా మొండి. ఆ మొండితనమే నన్ను చదివించింది.

కానీ నీళ్లు పారబోయడం ఆమెకు చేతకాదు. మా సీమ మనిషికి ఎట్లా చేతనవుతుంది? బియ్యం కడిగిన నీళ్లు, చేతులు కడిగిన నీళ్లు, అన్నీ ఆ బకెట్‌లోకే. అక్కడైతే చూస్తుండగానే ఇంకిపోతాయి. ఇక్కడ మట్టి రోజుల తరబడి ఆరదు. వేరు కుళ్లుతుంది అని మొత్తుకున్నాను.

"నీళ్లు పోస్తే ఏ చెట్టైనా సస్తాదా పాపా?" అని నన్నే ఎగాదిగా చూసింది.

మొక్క మొగ్గ వేసింది. ఆ రోజు ఆమె ముఖం చూడాలి! తర్వాత అది పసుపు తిరిగి రాలిపోయింది. కాండం మొదట్లో వేలు పెడితే దిగబడింది. అప్పటినుంచి ఆమె అన్నం సరిగా తినలేదు.

"నేనే సంపుకుంటి కదా పాపా," అంది.

పోయాక ఆమెను పులివెందులకు తీసుకొచ్చే ముందు, కుళ్లని పైకొమ్మ కోసి వెంట తెచ్చాను. కోసిన చోటు ఆరితేనే వేరు పడుతుంది, అప్పటిదాకా చుక్క తగలకూడదు. ఆమెను తోటలోనే పూడ్చారు. తలాపున పొడిమట్టిలో ఆ కొమ్మ గుచ్చాను.

మూడోనాడు సమాధి మీద పాలు పోయడానికి బంధువులంతా వచ్చారు. ఆమె తమ్ముడు, మా చిన్నాయన, పాలచెంబుతో తలాపు దగ్గర వంగాడు.

"ఈడ పోయొద్దు చిన్నాయనా! తడి తగిలితే ఇది కూడా పోతాది!"

"ఏంది పాపా ఇది? పోయకపోతే మీ అత్తకు దప్పి తీరేదెట్లా?"

కొమ్మ మొదలు చుట్టూ రెండు చేతులూ అడ్డం పెట్టి మట్టిమీద బోర్లా పడ్డాను. ఆయన పోస్తున్న పాలు నా వేళ్ల సందుల్లోంచి కిందికి కారుతూనే ఉన్నాయి.