పాలు పిండమన్నాను, ఎవరికో చెప్పలేదు

డెబ్బయ్యో దశకం మొదట్లో, వానలు పట్టిన నెలలో, నన్ను పోర్ట్‌బ్లెయిర్ నుంచి మాయాబందర్ వైపు ఒక సబ్‌సెంటర్‌కి ఏ.ఎన్.ఎం.గా వేశారు. పురుళ్ళు పొయ్యడం, బాలింతల్ని మూడో రోజూ ఏడో రోజూ ఇంటికెళ్ళి చూడటం నా డ్యూటీ. నా పై అధికారి హెల్త్ విజిటర్. పని బాగా వచ్చునన్న గర్వం నాకు కాస్త ఎక్కువే.

శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి చేపలు పట్టుకు బతికే ఇంట్లో గౌరి అనే అమ్మాయికి తొలి కాన్పు, ఆడపిల్ల. మూడో రోజు వెళ్ళేసరికి పాలు పడి గౌరి రొమ్ములు రాళ్ళలా ఉన్నాయి. బిడ్డకి చనుమొన అందడం లేదు. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ వేసి, చంక వైపు నుంచి మొన వైపుకు వేళ్ళ కొసలతో గుండ్రంగా నిమిరాను. నల్లని వలయం వెనక బొటనవేలూ చూపుడువేలూ ఆనించి, లోపలికి నొక్కి దగ్గరికి తెస్తే పాలు చిమ్మాయి. రొమ్ము మెత్తబడ్డాక బిడ్డ పట్టుకుంది. బిడ్డ రొమ్ములు కూడా కాస్త ఉబ్బి ఉండటం చూశాను. పుట్టిన పిల్లలకి అలా ఉంటుంది, దానంతట అదే తగ్గుతుంది. అందుకే ఎవరికీ చెప్పలేదు.

గౌరి అత్తగారు నూకాలమ్మ బయట చేపలు ఎండబెడుతోంది. డుంగీ, అంటే మా చిన్న పడవ, వెళ్ళిపోతుందన్న తొందరలో గుమ్మంలోంచే చెప్పాను: "రొమ్ము గట్టిపడితే మాలిష్ చేసి పాలు పిండెయ్యాలి. రోజుకి నాలుగుసార్లు."

"ఠీక్ హై సిస్టర్, నాను సూసుకుంతాను" అంది.

ఏడో రోజు బిడ్డ గుడ్డ విప్పి అదిరిపోయాను. కుడి రొమ్ము నిమ్మకాయంత వాచి, ఎర్రగా, ముట్టుకుంటే కాలిపోతోంది. ఒంట్లో జ్వరం. ఎవరు చేశారిదని అరిచాను.

"నువ్వే గదా సిస్టర్, మాలిష్ సేసి పాలు పిండీమన్నావు! మా ఊర్లోనూ పిల్లలకి పిండుతారు. నువ్వు సెప్పినట్టే నాలుగుసార్లూ సేసినాను" అంది నూకాలమ్మ.

ఎవరికి అని చెప్పకుండానే తెలుగులో మాట పూర్తవుతుంది. నాదీ అలాగే పూర్తయింది.

డుంగీలో మాయాబందర్ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు గడ్డ కోసి చీము తీశారు, సూదులు వేశారు. జ్వరం తగ్గేదాకా గౌరి నేను చూపినట్టే పాలు పిండి, ఉగ్గుగిన్నెతో పట్టింది. బిడ్డ బతికింది. అయితే లోపల పాలగ్రంథి పాడైందనీ, ఆ వైపు రొమ్ము పెరగకపోవచ్చనీ డాక్టరు చెప్పారు.

"రేపు దీనికి పిల్లలు పుడితే ఎలాగ సిస్టర్?" అంది గౌరి.

రిపోర్టులో కారణం 'మోటు ఆచారం' అని రాయమంది హెల్త్ విజిటర్. సిగ్గుతో చచ్చిపోతూనే, సిబ్బంది చెప్పిన మాట అస్పష్టంగా ఉందని రాసి సంతకం చేశాను. మెమో వచ్చింది.

ఆ తర్వాత ఏ ఇంట్లోనూ గుమ్మంలోంచి చెప్పలేదు. పెద్దావిడని పక్కన కూర్చోబెట్టుకుని, ఆవిడ చేతే తల్లికి చేయించి చూసేదాన్ని. బిడ్డ రొమ్ము ఉబ్బితే ముట్టుకోవద్దని అడక్కముందే చెప్పేదాన్ని. ఎవరికి చెయ్యాలో, ఎవరికి చెయ్యకూడదో రెండూ చెబితేనే నేర్పినట్టు.