తరుగు లేని బరువు

ఆగిరిపల్లి బసవపున్నారావు కబడ్డీ ఆడే రోజుల్లో ఆయన్ని పట్టుకోవడమంటే చేపని చేత్తో పట్టడమే అనేవారు. కాలేజీకి ఆడాడు, జిల్లాకి ఆడాడు, ఆ పైన రెండేళ్లు రాష్ట్రానికీ ఆడాడు. ఇంతలో తండ్రి పోయాడు, మామిడితోట మీద పడింది, ఆట అటకెక్కింది. తోట చూసుకోవడమంటే తోటంతా తిరగడమని కొందరు అనుకుంటారు. పున్నారావు లెక్కలో మాత్రం తోటలో నులకమంచం వాల్చుకుని, పక్కన రసాల బుట్ట పెట్టుకోవడం. మోచేతుల దాకా కారుతున్నా పట్టించుకోకుండా జుర్రేవాడు. ఇంటికొచ్చాక పెరుగన్నం, అందులోకి ఇంకో పండు. నలభై నిండేసరికి మోటారు సైకిలు మీద ఆయన వెనక ఇంకొకరికి చోటు లేకపోయింది. భార్య గోవిందమ్మ పుట్టింటికి ఆర్టీసీ బస్సులో వెళ్లడం అలవాటు చేసుకుంది.

అలాంటి మనిషిని 1984 వేసవిలో నూజివీడు కబడ్డీ పోటీలకి ముఖ్య అతిథిగా పిలిచారు. దండ వేశారు, శాలువా కప్పారు. శాలువా ముందువైపు కలవలేదు. ఆటగాళ్లు నవ్వారు, పున్నారావు కూడా నవ్వాడు, అంతవరకు బాగానే ఉంది. అప్పుడు పోటీలు నడిపే డ్రిల్లు మాస్టారు చలపతిరావు మైకులో, "ఒకప్పుడు వీరు గొప్ప ఆటగాడు" అన్నాడు. ఆ 'ఒకప్పుడు' పున్నారావుకి ఎక్కడో తగిలింది. పోయినవాళ్ల గురించి చెప్పే మాటలా వినిపించింది. మైకు లాక్కుని, "వచ్చే ఏడు ఇదే గ్రౌండులో నేను ఆడతాను" అనేశాడు.

జనం చప్పట్లు కొట్టారు. నమ్మినవాడు ఒక్కడూ లేడు. ఆ పోటీల్లో ఎనభై కిలోలు దాటినవాడు ఆడకూడదన్న నియమం ఉంది. అది పున్నారావుకీ తెలుసు, కాకపోతే మైకు తిరిగి ఇచ్చేశాక గుర్తొచ్చింది.

మర్నాడే వెళ్లి వీరరాఘవయ్య గారి మామిడి యార్డులో కాటా ఎక్కాడు. కాయ తూచే ఆ కాటా మీద నిలబడితే అంకెలున్న దండె అవతలి వైపు ఉంటుంది, తూకం వేసే పరదేశి అనే అతనికి తప్ప ఎక్కినవాడికి కనపడదు. పరదేశి గుండు జరిపి, కళ్లు చిట్లించి, "నూట ఆరండి" అని యార్డంతా వినపడేలా కేకేశాడు. కాయల బుట్టలకైనా మనుషులకైనా అతని గొంతు ఒకటే.

ఇక చూడాలి ఆ మనిషి పంతం. తోటలో ముదురు చెట్లు చచ్చిన చోటల్లా కొత్త అంట్లు నాటి ఉన్నాయి. వాటికి బావి నుంచి కావిడితో నీళ్లు మోసి పోయాలి. ఏటా కూలీలు చేసే పని ఆ ఏడు యజమాని భుజానికెత్తుకున్నాడు. ఉత్తినే మోస్తే ఒళ్లు మాత్రమే తగ్గుతుంది, కబడ్డీకి ఊపిరి కావాలి. అందుకని కావిడి ఎత్తగానే "కబడ్డీ కబడ్డీ" అని కూత మొదలుపెట్టేవాడు. ఊపిరి తెగితే బిందెలు దించేవాడు. మొదట్లో బావి గట్టు దిగేలోపే దించాల్సి వచ్చేది. వర్షాలు మొదలై మొక్కలకి నీళ్లు అక్కర్లేకపోయినా ఆయన కావిడి దించలేదు. వానలో తడుస్తూ బావిలో నీళ్లు తోడి మళ్లీ బావిలోనే పోసేవాడు.

తోట కాపలా కాసే యలమంద ఒక తెల్లవారుజామున ఈ గొణుగుడు విని, హడలిపోయి గోవిందమ్మ దగ్గరికి పరిగెత్తాడు.

"అమ్మగారూ, అయ్యగారికి ఏదో గాలి సోకిందండీ. చెట్ల మధ్య తిరుగుతా తనలో తనే మాట్లాడుకుంటన్నారు. ఎవరికన్నా చూపించండి."

"గాలి కాదులే యలమందా, పౌరుషం సోకింది. దానికి మంత్రం లేదు" అంది గోవిందమ్మ.

ఆవిడ వంట మార్చేసింది. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం ఒక ముద్ద అన్నం, పల్చటి మజ్జిగ. పున్నారావు వంక పెట్టకుండా తినేవాడు. అసలు పరీక్ష మాత్రం ఏప్రిల్లో, కాయ దిగడంతో వచ్చింది. నూజివీడు చుట్టుపక్కల మామిడిపండు మానేశాడంటే ఏ జబ్బో చేసిందనే అర్థం. చుట్టాలు బత్తాయిలు పట్టుకుని పరామర్శకి వచ్చారు. షుగరా అని కొందరు, ఇంకేదైనానా అని కొందరు గుసగుసలాడారు. పున్నారావు మాగిన రసం ఒకటి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా వాసన పీల్చి గోవిందమ్మ చేతికిచ్చేవాడు. ఆవిడ దాన్ని ఆయన ఎదుట తినలేక పెరటి గుమ్మం దాటి, నిలబడి తినేది. ఆ సంగతి తెలిసిన రోజు ఆయనకి కళ్లు చెమర్చాయి. ఎనభైకి దిగకపోతే ఈవిడ మొహం చూడలేననుకున్నాడు.

పోటీలకి ముందు రోజు పరదేశి, "డెబ్బై తొమ్మిదిన్నరండి!" అని కేకేశాడు. యార్డులో హమాలీలు ఈలలు వేశారు. పున్నారావు పరదేశిని ఎత్తి దించాడు.

మర్నాడు పొద్దున గ్రౌండులో డ్రిల్లు మాస్టారి కాటా ఎనభై రెండు చూపించింది.

మళ్లీ ఎక్కాడు. మళ్లీ ఎనభై రెండే. ఆట చూడ్డానికొచ్చిన పరదేశి జనంలోంచి బయటికొచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"తప్పు నాదేనండీ. తరుగు తీసి చెప్పేశాను."

యార్డులో ఏది కాటా ఎక్కినా తొడిమలని, ఆకని, వాడిపోతుందని ఏదో వంక పెట్టి కొంత తగ్గించి రాసుకుంటారు. ఆ తగ్గింపునే తరుగు అంటారు. తరుగు పేరెత్తితే రైతులందరికీ మంటే, అందరికంటే గట్టిగా తిట్టేవాడు పున్నారావు. పరదేశికి మాత్రం చూసిన అంకెలోంచి తరుగు తీయనిదే నోరు తెరవడం రాదు. ఏడాది పొడుగునా కాయకి తీసినట్టే ఆసామికీ తీశాడు. తన కాయ తూచినప్పుడల్లా కాటా చుట్టూ తిరిగి దండె చూసి పోట్లాడే పున్నారావు, తన ఒంటి బరువు మాత్రం ఒక్కసారీ తొంగి చూడలేదు. తక్కువ చెప్పిన అంకె తీపిగా ఉంది మరి.

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. చలపతిరావుకి జాలేసింది. అవతలి జట్టు రెడ్డిగూడెం. వాళ్లని అడిగి వచ్చి, "వాళ్లకేం అభ్యంతరం లేదుటండీ. ఏడాది కష్టపడ్డారు. మేమూ రెండు కిలోలు తరుగు తీసేస్తాం, ఆడండి" అన్నాడు.

ఒక్క క్షణం పున్నారావుకి ఒప్పేసుకోవాలనిపించింది. మైకులో అన్న మాట నిలబడుతుంది, గోవిందమ్మ చూస్తుంది. కానీ పౌరుషం ఒప్పుకోలేదు.

"ఇన్నేళ్లుగా నా కాయకి తరుగు తీస్తుంటే ఏడుస్తున్నానండీ. ఇప్పుడు నా ఒంటికి తీయించుకుంటానా? మా ఆట సాయంత్రం కదా, అప్పుడు మళ్లీ తూయండి. దిగితే ఆడతా, దిగకపోతే ఇంటికిపోతా."

యలమంద దగ్గర గొంగళి తీసుకుని ఒంటికి చుట్టుకున్నాడు. మే నెల ఎండలో, నెత్తి మాడే వేళ, గ్రౌండు చుట్టూ పరిగెత్తడం మొదలుపెట్టాడు. మొదట కొందరు అరటితొక్కలు విసిరారు, కొందరు వెక్కిరింతగా కూత పెట్టారు. మధ్యాహ్నానికి ఆ నవ్వులు ఆగిపోయాయి. గోవిందమ్మ షామియానా అంచున తడిగుడ్డ పట్టుకుని నిలబడి, ఆయన దగ్గరికొచ్చినప్పుడల్లా పెదాలు తడిపేది. ఒకసారి ఆవిడ గొంగళి కొస పట్టుకుని ఆపింది.

"చాలండీ. నాకు భయంగా ఉంది. ఇంటికి పోదాం."

"అలా అనకే. నిజంగా వచ్చేయాలనిపిస్తుంది."

సాయంత్రం మళ్లీ కాటా ఎక్కాడు. ఈసారి పున్నారావు అవతలికి వంగి తనే దండె చూసుకున్నాడు. చలపతిరావు రెండుసార్లు సరిచూసి, "ఎనభై. సరిగ్గా ఎనభై" అన్నాడు.

ఉప్పు వేసిన మజ్జిగ తాగించి, సొంత జట్టు ఆగిరిపల్లి కెప్టెన్ సువర్ణరాజు ఆయన్ని చాలాసేపు కూర్చోబెట్టాడు. రెండో సగం చివర్లో, "వెళ్తావా బాబాయ్?" అన్నాడు. పున్నారావు లేచి మట్టి నుదుటికి రాసుకుని కూతకి వెళ్లాడు.

రెడ్డిగూడెం వాళ్లు వెనక్కి జరిగారు. మూలనున్నవాడిని తాకితే వాడు పక్కకి తప్పుకున్నాడు తప్ప పట్టలేదు. ఇంకొకడు చెయ్యి చాపి మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. రెండడుగులు వేస్తే గీత, పాయింటు, చప్పట్లు. ఏడుగురి కళ్లల్లోనూ మర్యాద కనిపించింది. పెద్దాయన ముచ్చట తీర్చి పంపిద్దామనుకున్నారు.

పున్నారావు గీత దాటలేదు. తిరిగి వాళ్ల మధ్యకే వెళ్లాడు. కూత ఆపితే ఔటు, నోటితో ఏమీ అనడానికి లేదు. అందుకని రమ్మని చేత్తో సైగ చేశాడు. వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తొడ మీద ఫెడీమని కొట్టుకుని, వాళ్ల కెప్టెన్ ఛాతీ మీద ఒక్క తోపు తోశాడు. అప్పుడు వాడికి రోషమొచ్చింది. వంగి చీలమండ దొరకబుచ్చుకున్నాడు. ఇంకొకడు నడుం పట్టాడు, మరొకడు మీద పడ్డాడు. ముగ్గురినీ ఈడ్చుకుంటూ పున్నారావు గీత వైపు కదిలాడు. జనం లేచి నిలబడ్డారు. నాలుగోవాడు దూకాక గానీ ఆయన కింద పడలేదు. చాచిన చెయ్యి గీతకి జానెడు దూరంలో ఉండగా ఊపిరి అయిపోయింది.

విజిలు ఊదారు. ఔటు.

"దెబ్బ తగిలిందా బాబాయ్?" అంటూ రెడ్డిగూడెం కెప్టెన్ కంగారుగా లేపాడు.

"తగిలిందిరా" అన్నాడు పున్నారావు. ఏదో బహుమతి అందుకున్నవాడిలా నవ్వుతున్నాడు.

మోకాళ్లు చీరుకుపోయి, దుమ్ము కొట్టుకుపోయి, కుంటుకుంటూ గోవిందమ్మ దగ్గరికి వచ్చాడు. ఆవిడ ఏడుస్తూ తడిగుడ్డ అందించింది. మొహం తుడుచుకోకుండానే అన్నాడు:

"చూశావా? నలుగురు పట్టాల్సి వచ్చింది."