అమావాస్య నాడు గాలం విలువ

మా బావమరిది రాఘవ గుంటూరులో ఒక కాలేజీలో అర్థశాస్త్రం చెప్పేవాడు. ఎనభైల నడుమ ఒక వేసవిలో అచ్చు వేయించిన ఫారాలు తెచ్చి నా ముందు పెట్టాడు. చీరాల అవతల సముద్రంలో కలిసే ఒక కాలువలో చేపల హక్కు మొత్తం ఒకే కాంట్రాక్టరుకి ఇచ్చి, గట్టు మీద గాలాలు ఆపేయాలని ఆలోచన నడుస్తోందట. సరదాకి గాలం వేసేవాళ్ళ వల్ల ఏపాటి విలువ ఉందో రూపాయల్లో చూపించమని చేపల శాఖ అధికారి అడిగాడట. "అక్కడ కూర్చునేది నేతపనివాళ్ళు. నాతో నోరు విప్పరు బావా. నువ్వయితే ఎవరినైనా మాట్లాడించగలవు" అన్నాడు.

నా బడి చదువు ఐదో తరగతితో ఆగింది. వేదాంతం నాకు నేనే కూడబలుక్కుని నేర్చుకున్నాను. చంకలో గ్రంథం లేకుండా గడప దాటేవాణ్ణి కాదు. పొట్ట కోసం చంపేవాణ్ణి దేవుడు క్షమిస్తాడేమో గానీ, పొద్దుపోక చంపేవాణ్ణి క్షమించడని బజారులో మిర్చి బస్తాల మీద నిలబడి ప్రసంగాల్లో ఎన్నిసార్లు అరిచానో లెక్కలేదు. "వెళ్తాను, సున్నా రాసుకొస్తాను చూడు" అన్నాను. "ఉన్నది రాయి, చాలు" అన్నాడు రాఘవ.

గుంటూరులో ఉదయం ఆరింటి పాసింజరు ఎక్కి, తెనాలిలో బండి మారి, పదింటికి చీరాలలో దిగాను. టిక్కెట్టు ఆరు రూపాయల చిల్లర. స్టేషను ఎదురుగా సైకిలు గంటకి అర్ధరూపాయి. షాపులో ఒక్కటే మిగిలింది. "ఇవాళ అమావాస్య కదండీ, మగ్గాలు ఆగాయి. నా సైకిళ్ళన్నీ కాలువ గట్టునే ఉన్నాయి. దీనికి బ్రేకు పడదు, నిదానంగా పోండి" అన్నాడు షాపాయన. నేత వీధుల్లోంచి వెళ్తే మగ్గం చప్పుడు ఎక్కడా లేదు. అరుగుల మీద ఆడవాళ్ళు తలలు దువ్వుకుంటున్నారు. అక్కణ్ణించి సముద్రం వైపు అరగంట తొక్కితే కాలువ వచ్చింది.

సరుగుడు చెట్ల నీడలో ఇరవై మంది దాకా వరసగా కూర్చుని ఉన్నారు. చేతుల్లో వెదురు కర్రలు, చూపులన్నీ నీళ్ళ మీద తేలే బెండ్ల మీద. మొదట కూర్చున్నాయన సుబ్బయ్య, యాభై దాటిన మనిషి. పక్కన పాతికేళ్ళ కోటి. ఫారంలో మూడు ప్రశ్నలు, మూడు జవాబులు కలిపితే విలువ.

"ఇక్కడికి రావడానికి ఎంత ఖర్చయింది?"

"నడిచొచ్చామండి. చెప్పులు అరిగింది రాసుకుంటారా?" అన్నాడు కోటి.

"ఇవాళ రావడం వల్ల ఎంత పని పోయింది?"

"అమావాస్యకి మేం మగ్గం ముట్టం స్వామీ. పోవడానికి పనేదీ?" అన్నాడు సుబ్బయ్య.

"పట్టిన చేపలు ఎంత చేస్తాయి?"

ఆయన డబ్బా వంచి చూపించాడు. వేలెడంత పరిగెలు రెండు. "మా పిల్లికి పెడితే అలుగుతుందండీ," అన్నాడు కోటి.

అనుకున్నట్టే సున్నా వచ్చింది. సిరాతో రాశాను. ఆ ఊపులో గ్రంథం తెరిచి, జీవహింస మీద గొంతెత్తాను. ఎవరికీ కోపం రాలేదు. సుబ్బయ్య మాత్రం చెయ్యి ఎత్తి, "కొంచెం మెల్లగా స్వామీ, చేపలు బెదురుతాయి" అన్నాడు. వరసంతా నవ్వింది.

మధ్యాహ్నం వాళ్ళు విప్పిన పెరుగన్నం, ఉల్లిపాయలు నాకూ పెట్టారు. తింటుండగా మగ్గాల షావుకారి గుమాస్తా చెమటలు కక్కుతూ సైకిలు మీద వచ్చాడు.

"సుబ్బయ్యా, పడుగు దారాలకి గంజి పెట్టాలి, రా. పెళ్ళివాళ్ళ సరుకు. మగ్గం ముట్టే పని కాదులే. పదిహేను రూపాయలు ఇమ్మన్నారు."

"రేపు తెల్లారేసరికి వస్తానని చెప్పు."

"సరే, ఇరవై. నీ రెండు రోజుల కూలి."

"ఎండన పడొచ్చావు. నీళ్ళు తాగి వెళ్ళు."

గుమాస్తా నీళ్ళు తాగి, గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. "రెండు పరిగెల కోసం ఇరవై రూపాయలు వదులుకున్నావేమయ్యా?" అని అడిగాను.

సుబ్బయ్య బెండు మీంచి చూపు తిప్పకుండానే చెప్పాడు. "నెలంతా కాళ్ళు మగ్గం గుంటలో, కళ్ళు పోగు మీద. మూరెడు దూరం దాటి చూడను. దూరంగా చూసేది ఈ ఒక్క రోజే స్వామీ. చేప పడితే కూర. పడకపోతే నీళ్ళు చూస్తా."

ఫలం ఆశించకుండా పని చెయ్యమని పదేళ్ళు బజార్లలో గొంతు చించుకున్నవాణ్ణి నేను. విన్నవాళ్ళు తల ఊపకపోతే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది కాదు. ఈయన డబ్బాలో రెండు పరిగెలు పెట్టుకుని చల్లగా కూర్చున్నాడు. సున్నా కొట్టేసి, పక్కన "ఇరవై రూపాయలు వద్దని కూర్చున్నాడు" అని రాశాను. తర్వాత వరస చివరిదాకా నడిచి, ఫారంలో లేని ప్రశ్న ఒకటి అందరినీ అడిగాను. ఇవాళ ఇక్కడికి రాకుండా ఇంట్లో ఉండాలంటే ఎంత ఇవ్వాలి? కోటి సినిమా టిక్కెట్టు చాలన్నాడు. కొందరు పది అన్నారు, కొందరు పదిహేను. ఒకాయన, "దాన్ని అమ్మనండి" అని మొహం తిప్పుకున్నాడు. ఎవరు చెప్పింది వాళ్ళ పేరు కిందే రాశాను. సాయంత్రం నాలుగింటి బండికి తిరిగి వచ్చేశాను.

రాఘవ ఫారాలన్నీ ఒక్కొక్కటే తిరగేశాడు. "బస్సెక్కి, జీతం కోత పడి వచ్చేవాళ్ళ కోసం నేను ప్రశ్నలు రాశాను బావా" అన్నాడు చివరికి. నేను మార్జిన్లో రాసిందే శుభ్రంగా అచ్చు కొట్టించి పంపాడు. కొన్ని నెలలకి కాలువ హక్కు కాంట్రాక్టరుకే వెళ్ళింది గానీ, సరుగుడు తోపు వైపు గట్టు మాత్రం గాలాలకి వదిలేశారు.

జీవహింస గురించి నా మాట ఇవాళ్టికీ మారలేదు. సుబ్బయ్య ఎదురుగా ఉన్నా అదే చెబుతాను. కానీ ఒక మనిషి నెలకొకసారి దూరంగా చూసే చూపుకి సున్నా రాసిన చెయ్యి నాది, అది మరిచిపోను. మీరూ అటు వెళ్ళాలనుకుంటే పంచాంగం చూసుకుని అమావాస్య నాడు వెళ్ళండి, ఆ రోజు మగ్గం ఆపే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. గట్టు ఎక్కాక మాత్రం గొంతు తగ్గించండి.