తువ్వాల కింద చెయ్యి

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే, పట్టుకురండి, రక్తం తీసి టెస్ట్ చేస్తానని ఎగతాళి చేసే మనిషిని నేను. ఆర్మూర్‌లో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పని చేస్తున్నాను. తాడును చూసి పామనుకునే రకం కాదు. ఇప్పటికీ కాదనే అనుకుంటాను. అయినా మా ఇంటి పై గదిలోకి ఒక్కదాన్నే వెళ్లడం మానేశాను. పట్టపగలు కూడా అమ్మను వెంట పెట్టుకునే పోతున్నాను.

ముందు మా తమ్ముడు నవీన్ గురించి చెప్పాలి. వాడి బతుకంతా గొంతు మీదే. కొత్త దుకాణం తెరిచినా, పెళ్లిలో మైకు పట్టాలన్నా, ప్రచారం ఆటోకు మాటలు రికార్డు చేయాలన్నా ఆర్మూర్ నుంచి ఏర్గట్ల దాకా వాడినే పిలిచేవాళ్లు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా, మావాడికి ఆ నోరే అన్నం పెట్టేది. ఇంట్లో కూడా వాడు ఊరికే ఉన్నది నేను చూడలేదు. నిద్రలోనూ ఏదో ఒకటి గొణిగేవాడు.

వాడి దోస్తు జాన్సన్ పెర్కిట్‌లో సెల్‌ఫోన్లు బాగు చేస్తాడు. మేం ముగ్గురం చాలాకాలంగా ఫోన్లలో ఒక ఆన్‌లైన్ ఆట ఆడేవాళ్లం. కత్తులు, కోటలు, రాక్షసులు ఉండే పెద్ద లోకం అది. ఎక్కడెక్కడివాళ్లో అందులో తిరుగుతుంటారు. బొమ్మలు దగ్గరికొస్తే ఆడేవాళ్ల మాటలు ఒకరివి ఒకరికి వినిపిస్తాయి.

హైదరాబాద్‌లో పనిచేసినప్పుడు జాన్సన్ ఇంకో రకం ఆట నేర్చుకొచ్చాడు. అందరూ బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడిపిస్తారు. మిగతావాళ్లు తమ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. అది జరిగిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి.

రెండూ కలిపేద్దామన్నది జాన్సనే. ఆ ఆన్‌లైన్ ఆటలో ఒక పాడుబడిన సంత ఉంది. అక్కడ కొట్టడానికి రాక్షసులు లేరు, ఏరుకోవడానికి సొమ్ము లేదు, అందుకని ఎవరూ అటు రారు. మా మూడు బొమ్మలనూ అక్కడ నిలబెట్టి, ఫోన్లు బల్ల మీద పెట్టుకొని, ఆ సంతలో జరిగే కథను మేమే నోటితో, పాచికలతో నడిపించుకునేవాళ్లం. ఆదివారం చర్చి అయ్యాక జాన్సన్ మా ఇంటికి వచ్చేవాడు. పసుపు బస్తాలు వేసే పై గదిలో కూర్చునేవాళ్లం. పెళ్లి కావాల్సిన పిల్ల పాచికలాడుతోందని అమ్మ కింద నుంచి సణిగేది. కొన్ని వారాలు భలే సరదాగా గడిచింది.

కథలో జాన్సన్ ఒక వ్యాపారిని పుట్టించాడు. ఆ వ్యాపారి ఒకరి దగ్గర చూపు కొంటాడు, ఒకరి దగ్గర నిద్ర కొంటాడు. ఒక ఆదివారం పాచిక తిరగబడి నవీన్ పాత్ర వాడికి బందీగా చిక్కింది. వదలాలంటే వ్యాపారికి ఏదో ఒకటి ఇవ్వాలి.

"నా గొంతే అడుగురా. గంతకంటె ధర పలికేది నా తాన ఇంకేమున్నది?" అని నవీన్ పకపకా నవ్వాడు.

సరేనన్నాడు జాన్సన్. గొంతును వ్యాపారి ఎన్నేళ్లు తన దగ్గర పెట్టుకోవాలన్నదే బేరం. అది నేను ఆడాలి, అదీ తువ్వాల కింద. ఇప్పుడంటే కంప్యూటర్లలో ధరలు వేస్తున్నారు గానీ, మా బాపు వయసులో ఉన్నప్పుడు పసుపు బేరాలు అట్లాగే చేసేవాడు. ఇద్దరి చేతుల మీద తువ్వాల కప్పుకొని, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. పక్కవాడికి తెలియదు. జాన్సన్ ముందే బాపును అడిగి పద్ధతంతా కనుక్కున్నాడు.

"ఇష్టం లేకుంటె చెయ్యి గుంజుకోవాలె. గట్టిగ పట్టినవంటె ఒప్పుకున్నట్టే. ఎదుటోడు చెయ్యి ఊపి ఇడిస్తె బేరం అయిపోయినట్టు. ఇంక నోటితోని కాదన్నా నడవదు," అని బాపు చెప్పాడట.

మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి గదంతా పడుతోంది. పక్కింటి కల్లంలో పసుపు పాలిష్ చేసే డ్రమ్ము తిరుగుతోంది. బల్ల మీద తువ్వాల కప్పి జాన్సన్ నా వేళ్లు నొక్కాడు. నేను తగ్గించాను. మళ్లీ పెంచాడు. నవ్వు ఆపుకోలేక నేను ఫోన్ వైపు చూశాను.

సంతలో నా బొమ్మ ఎదురుగా ఇంకో బొమ్మ నిలబడి ఉంది. ఆ ఆటలో ప్రతి బొమ్మ తల మీదా పేరుంటుంది. దాని తల మీద ఏమీ లేదు.

ఎవరో దారి తప్పి వచ్చారనుకున్నాను. తువ్వాల కింద నా వేళ్లను ఒక్కొక్కటిగా నొక్కుతూనే ఉన్నారు. అప్పుడు తెలిసింది, ఆ చెయ్యి చల్లగా ఉంది. అరచెయ్యి గరుకుగా ఉంది. ఒక వేలికి మందపాటి ఉంగరం ఉంది. జాన్సన్ ఉంగరాలు పెట్టుకోడు.

తలెత్తి చూశాను. జాన్సన్ గోడ దగ్గర నిలబడి నవీన్ ఫోన్‌కు చార్జర్ పెడుతున్నాడు. వాడి రెండు చేతులూ కనిపిస్తున్నాయి. నవీన్ బస్తాల మీద కూర్చొని పాచికలు ఎగరేసి పట్టుకుంటున్నాడు. గదిలో ఇంకెవరూ లేరు.

చెయ్యి గుంజుకోవాల్సింది. గుంజుకోలేకపోయాను. పై ప్రాణాలు పైనే పోయాయి, పిడికిలి దానంతటదే బిగుసుకుపోయింది. ఆ చెయ్యి నా చేతిని ఒకసారి పైకీ కిందికీ ఊపి వదిలేసింది.

తువ్వాల లాగి పారేశాను. కింద ఏమీ లేదు. నా వేళ్లకు పసుపు అంటింది గానీ, మా ఇంట్లో పసుపు అంటని వస్తువు లేదు కాబట్టి దాన్ని సాక్ష్యంగా చెప్పను.

"ఏమైందక్కా?" అని జాన్సన్ పరుగున వచ్చాడు. నవీన్ కూడా ఏదో అడిగాడు. పెదాలు కదిలాయి, మాట రాలేదు. ఆట పట్టిస్తున్నాడనుకున్నాం. వాడు గొంతు పట్టుకొని మళ్లీ మళ్లీ నోరు తెరిచాడు. వాడి కళ్లు చూశాక నాకు ఏడుపొచ్చింది.

నిజామాబాద్‌లో పెద్ద డాక్టర్లకు చూపించాం. గొట్టం వేసి చూసి గొంతులో ఏ దోషమూ లేదన్నారు. భయానికి మాట పడిపోతుందని ఒకాయన చెప్పాడు. నాకు తెలిసినంతలో అది నిజమే, అలాంటి కేసులుంటాయి. కానీ నవీన్ ఏమీ చూడలేదు, ఏమీ ముట్టుకోలేదు. భయపడింది నేను. పోతే నా మాట పోవాలి.

బాపుకు అంతా చెప్పాను. తిట్టలేదు. "ఎన్ని వేళ్లు పట్టిండు బిడ్డా?" అని ఒక్కటే అడిగాడు. ఎన్ని వేళ్లయితే అన్నేళ్లు. ఎంత తన్నుకున్నా నాకు గుర్తు రాలేదు. బాపు ఆ పూట అన్నం తినలేదు.

కొన్నాళ్లకు ఒక పొద్దున జాన్సన్ ఆటో దిగి ఇంట్లోకి ఉరికొచ్చాడు. ఫోన్‌లో ఆ సంత తెరిచి ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టాడు. మొదట గాలి చప్పుడు వినిపించింది. తర్వాత ఎవరో పిలిచారు.

"చిన్నక్కా, ఉన్నవా?"

నవీన్ గొంతు. వాడు నా పక్కనే కూర్చొని చాయ్ తాగుతున్నాడు. రికార్డింగులు ఎవరో దొంగిలించి పెట్టారనుకుందామంటే, వాడు నన్ను చిన్నక్కా అని ఇంట్లోనే పిలిచేవాడు, ఏ రికార్డింగులోనూ ఆ మాట లేదు. ఉన్నానురా అన్నాను, ఎట్లా అన్నానో నాకే తెలియదు.

"గిక్కడ మస్తు చలి పెడుతున్నదే," అంది ఆ గొంతు.

నా ముఖం చూసి నవీన్ ఇయర్‌ఫోన్ లాక్కొని చెవిలో పెట్టుకున్నాడు. చాలాసేపు కదలకుండా విన్నాడు.

బయట ఎవరికీ చెప్పుకోలేక ఇక్కడ రాస్తున్నాను. ఆ చెయ్యి ఎవరిదో, ఆ గొంతు అక్కడికెట్లా పోయిందో నాకు తెలియదు. చదివినవాళ్లలో ఎవరైనా దీనికి మామూలు కారణం చెబితే దండం పెడతాను. నవీన్ మాత్రం రోజూ కాసేపు ఆ సంత తెరుచుకొని, కళ్లు మూసుకొని వింటూ కూర్చుంటాడు. ఆ ఆట తీసేయమని వాడికి చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. వాడి గొంతు వాడికి వినిపించే చోటు అదొక్కటే.